కొలిచిన తరువాతే తీర్పు

ఒక వాహనాన్ని చూసి "గేర్‌బాక్స్ పోయింది" అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ మాట విన్న కుటుంబం మాత్రం నెలల తరబడి దాని భారాన్ని మోయవలసి వస్తుంది. పాత కారుకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మార్చాలంటే, కారు విలువలో సగం దాకా ఖర్చయినా ఆశ్చర్యం లేదు. బిడ్డల చదువు కోసమో, ఇంటి మరమ్మతు కోసమో దాచుకున్న సొమ్ము ఆ ఒక్క మాటతో కరిగిపోగలదు. అందుచేత ఆ మాట పలికేవాడి చేతిలో ఏ ఆధారం ఉన్నదన్నది చిన్న ప్రశ్న కాదు.

మేము విజయవాడ ఆటోనగర్‌లో వాహనాల వైరింగ్ పని చేసే కుటుంబం వాళ్ళం. మా అబ్బాజాన్ సెల్ఫ్ మోటార్లు, డైనమోలు విప్పి బాగుచేసిన తరానికి చెందినవారు. ఆయన కాలంలో ఒక టెస్ట్ బల్బు, రెండు తీగలు ఉంటే సగం రోగాలు తేలిపోయేవి. మా భాయీజాన్ పదకొండేళ్ళు షార్జాలో పనిచేసి వచ్చారు. అక్కడ రోడ్డు మీద తిరిగే కార్లలో అత్యధికం ఆటోమేటిక్‌లే కాబట్టి, ఆ గేర్‌బాక్స్‌ల విద్యుత్ పరీక్షను ఆయన అక్కడే నేర్చుకున్నారు. నాన్న ఓపికా, అన్న విద్యా కలిసి ఈనాడు మా షెడ్డు నడుస్తున్నది.

ఆటోమేటిక్ కార్లు మన ఇళ్ళలోకి కూడా వచ్చేశాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు, నడివయసులో డ్రైవింగ్ నేర్చుకున్న తల్లులు, ఎడమకాలు సహకరించనివారు వాటినే కోరుకుంటున్నారు. అలాంటి కారు ఇంట ఉన్నవారికి దాని లోపల ఏమి జరుగుతున్నదో కొంచెమైనా తెలిసి ఉండటం మేలని భావించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మామూలు కారులో గేరు మార్చేది మనిషి చేయి, కాలు. ఆటోమేటిక్ కారులో ఆ పనిని నూనె ఒత్తిడి చేస్తుంది. గేర్‌బాక్స్ లోపల సన్నని దారుల గుండా నూనె ప్రవహిస్తూ, ఏ గేరుకు సంబంధించిన క్లచ్చి పలకలను నొక్కాలో ఆ పలకలను నొక్కుతుంది. నూనె ఏ దారిన పోవాలో నిర్ణయించే చిన్న ద్వారపాలకులే సొలినాయిడ్‌లు. రాగి తీగచుట్ట మధ్యలో ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. తీగలో కరెంటు ప్రవహించగానే చుట్ట అయస్కాంతమై కడ్డీని లాగుతుంది, నూనె దారి తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు కడ్డీని వెనక్కి నెడుతుంది.

ఎప్పుడు తెరవాలో చెప్పేది కారులోని కంప్యూటరు. దానికి కళ్ళు, చెవులు సెన్సర్లు. లోపలికి వచ్చే ఇరుసు ఎంత వేగంగా తిరుగుతున్నది, బయటకు పోయే ఇరుసు ఎంత వేగంగా తిరుగుతున్నది, నూనె ఎంత వేడెక్కింది అన్న వార్తలను అవి క్షణక్షణం చేరవేస్తాయి. వార్త తప్పితే ఆజ్ఞ తప్పుతుంది. ఆజ్ఞ సరైనదే అయినా తీగ తెగితే ఆచరణ తప్పుతుంది. ఈ రెండు సందర్భాలలోనూ ఇనుప గేర్లు నిక్షేపంగానే ఉంటాయి. అయినా బయట నుండి చూసేవారికి "గేర్‌బాక్స్ పనిచేయడం లేదు" అనే కనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతమంతా మునిగిన సంగతి పాఠకులకు తెలిసినదే. నీరు తీసిన తరువాత కొన్ని నెలల పాటు మా షెడ్డు ముందు వరదలో నిలిచిన వాహనాలే వరుస కట్టాయి. వాటిలో ఒక పాత ఆటోమేటిక్ కారు మా మనసులో నిలిచిపోయింది. దాని యజమాని మైలవరం, నూజివీడు వైపు పల్లెలకు రెడీమేడ్ బట్టలు తీసుకుపోయి అమ్ముకునే మనిషి. బాల్యంలో వచ్చిన పోలియో వల్ల ఆయన ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్చి లేని కారే ఆయన వ్యాపారానికి ఆధారం.

వరదలో ఆయన కారు చక్రాల పై దాకా మాత్రమే మునిగింది. ఇంజను శుభ్రం చేయించుకున్నారు, నూనెలన్నీ మార్పించుకున్నారు. రెండు నెలలు బాగానే తిరిగింది. ఆ తరువాత ఒకనాడు బండి మూడో గేరులోనే నిలిచిపోయింది. బయలుదేరేటప్పుడు ఈడ్చుకుంటూ కదిలేది, బరువుతో చిన్న ఎత్తు కూడా ఎక్కేది కాదు. వేరొక చోట స్కానర్ పెట్టి చూసి, గేర్‌బాక్స్ మార్చాలన్నారట.

"లక్షా ఇరవై వేలు అవుతుందన్నారు భాయ్. సరుకంతా నీళ్ళలో పోయింది. ఇంటి గోడలకు ఇంకా సున్నం కూడా వేయలేదు. కారు అమ్మేద్దామంటే ఈ స్థితిలో ఎవరు కొంటారు? అమ్మితే నేను ఎలా తిరగాలి?" అని ఆయన అడిగారు. మా వద్ద సమాధానం లేదు. మా వద్ద ఉన్నది ఒక మీటరు మాత్రమే.

స్కానర్‌లో కనిపించినది పి0974 అనే కోడ్. మొదటి షిఫ్ట్ సొలినాయిడ్‌ను నడిపే తీగలో వోల్టేజి ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉన్నదని దాని భావం. గమనించండి: సొలినాయిడ్ చెడిపోయిందని ఆ కోడ్ చెప్పడం లేదు, గేర్‌బాక్స్ పోయిందని అసలే చెప్పడం లేదు. ఫలానా దారిలో ఏదో తేడా ఉన్నదని కంప్యూటరు ఫిర్యాదు చేస్తున్నది, అంతే. ఫిర్యాదు అందగానే శిక్ష వేసే న్యాయాధికారిని ఎవరూ మెచ్చుకోరు. కోడ్ చూడగానే గేర్‌బాక్స్ దించమనడం అటువంటిదే.

మా అబ్బాజాన్ ఏనాడో పెట్టిన క్రమాన్నే మేము అనుసరించాము. మొదట బ్యాటరీ. నిండుగా ఉన్న బ్యాటరీ ఇంజను ఆపి ఉంచినప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తున్నప్పుడు ఛార్జింగు దాదాపు 14 వోల్టులకు చేరాలి. బ్యాటరీ నీరసిస్తే కంప్యూటరు లేనిపోని ఫిర్యాదులు చేస్తుంది. తరువాత ఫ్యూజులు, ఎర్త్ తీగలు. ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే సొలినాయిడ్ దగ్గరకు వెళ్ళాలి.

నిరోధం కొలిచే ముందు బ్యాటరీ తీగ విప్పాలి, కప్లర్‌ను వేరుచేయాలి. మీటరు తీగల మొనలు రెండూ ఒకదానికొకటి తాకించి చూస్తే 0.2 లేదా 0.3 ఓములు కనిపిస్తుంది. అది మీటరు తీగల సొంత నిరోధం. వచ్చిన లెక్కలో నుండి దానిని తీసివేయాలి. పెద్ద నిరోధాలకు ఈ తేడా లెక్కలోకి రాదు గాని, 5 ఓముల తీగచుట్టను కొలిచేటప్పుడు ఇది నిజాన్ని మార్చగలదు.

టయోటా వారి పాత నాలుగు గేర్ల గేర్‌బాక్స్‌లలో చాలావాటికి షిఫ్ట్ సొలినాయిడ్ నిరోధం 20 డిగ్రీల వేడి వద్ద 11 నుండి 15 ఓముల మధ్య ఉండాలి. వాటికి ఒకే తీగ వస్తుంది, రెండో దారి గేర్‌బాక్స్ ఇనుప ఒంటి ద్వారానే ఎర్త్ అవుతుంది. కనుక మీటరు ఒక మొనను తీగకు, రెండో మొనను గేర్‌బాక్స్ ఒంటికి పెట్టాలి. రెండు తీగల సొలినాయిడ్‌లలోనైతే తీగలకూ ఒంటికీ మధ్య ఏ సంబంధమూ ఉండరాదు. ఈ తేడా తెలియక మంచి సొలినాయిడ్‌ను షార్టు అయిందని పారవేసిన సందర్భాలు ఆటోనగర్‌లో మేము చూశాము.

ఈ కారులో ముందుగా కంప్యూటరు వైపు కప్లర్ దగ్గర కొలిచాము. మీటరు ఓఎల్ అని చూపింది, అంటే దారి ఎక్కడో తెగి ఉన్నది. వేరొక చోట వారు చూసింది బహుశా ఇక్కడి వరకే కావచ్చు. ఆ తరువాత కారును పైకెత్తి, గేర్‌బాక్స్ పక్కనున్న కప్లర్ విప్పి అక్కడి నుండి లోపలికి కొలిచాము. 13.6 ఓములు! లోపలి తీగచుట్ట ఆరోగ్యంగా ఉన్నది. అయితే తెగినది ఈ రెండు కప్లర్ల మధ్యనే అయి ఉండాలి. వెతకవలసిన స్థలం ఒక్కసారిగా మూరెడు జాగాకు కుదించుకుపోయింది.

గేర్‌బాక్స్ కప్లర్‌ను వెలుగులో పెట్టి చూస్తే, ఒక పిన్ను చుట్టూ పచ్చని చిలుము కనిపించింది. వరద నీరు రబ్బరు ముద్ర దాటి లోపలికి చేరి, రెండు నెలల పాటు మెల్లగా రాగిని తినివేసింది. తీగను కొంచెం లాగగానే పిన్ను మొదలంటా ఊడి చేతికి వచ్చింది. మొత్తం గేర్‌బాక్స్‌ను దోషిగా నిలబెట్టినది బియ్యపు గింజంత ఇత్తడి ముక్క.

అంతటితో పని అయిపోలేదు. చిలుము పట్టిన పక్క పిన్నులను కూడా పరీక్షించవలసి ఉన్నది. ఇక్కడ ఓముల మీటరును పూర్తిగా నమ్మకూడదు. తీగలోని పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటరు మంచి అంకెనే చూపుతుంది, ఎందుకంటే మీటరు పంపే కరెంటు చాలా స్వల్పం. అసలు భారం పడినప్పుడు ఆ ఒక్క పోగు మోయలేదు. అందుచేత తీగ చివర 21 వాట్ల బల్బు కట్టి, కరెంటు పారుతుండగా ఆ చివర నుండి ఈ చివరకు ఎన్ని వోల్టులు తగ్గుతున్నాయో చూడాలి. మంచి ఎర్త్ దారిలో ఆ తగ్గుదల 0.1 వోల్టు లోపే ఉంటుంది. ఈ పరీక్షలో మరో తీగ తప్పింది. దానినీ మార్చాము. పాత కప్లర్ తీసివేసి కొత్తది బిగించి, నీరు చొరకుండా ముద్ర వేశాము.

సాయంత్రానికి కారు ఒకటో గేరు నుండి క్రమంగా పైకి మారుతూ ఆటోనగర్ వీధుల్లో తిరిగింది. ఖర్చు ఒక కప్లర్, రెండు గజాల తీగ, ఒక రోజు కూలీ. ఆయన స్టీరింగు పట్టుకుని కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "రేపు నూజివీడు పోతాను" అని మాత్రం అన్నారు.

సెన్సర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. వేగం కొలిచే సెన్సర్లు ముఖ్యంగా రెండు రకాలు. రెండు తీగల అయస్కాంత సెన్సరు లోపల తీగచుట్ట ఉంటుంది, దాని నిరోధాన్ని కొలవవచ్చు. కొన్ని టయోటా గేర్‌బాక్స్‌లలో అది 20 డిగ్రీల వద్ద 560 నుండి 680 ఓములు. దాని ఎదుట పళ్ళ చక్రం తిరిగితే తనంతట తానే చిన్న ఏసీ వోల్టేజి పుట్టిస్తుంది. మూడు తీగల హాల్ సెన్సరు వేరు జాతి. దానికి ఒక తీగ కరెంటు ఇస్తుంది, ఒకటి ఎర్త్, మూడోది వార్త మోస్తుంది. దానిని ఓముల మీటరుతో కొలిచి మంచిచెడ్డలు చెప్పడం అర్థంలేని పని. దానికి కరెంటు అందుతున్నదా, చక్రం తిరిగినప్పుడు మూడో తీగలో వోల్టేజి ఎగసి పడుతున్నదా అన్నదే చూడాలి.

నూనె వేడిని చెప్పే సెన్సరు నడక తలకిందులుగా ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. మామూలు వాతావరణంలో కొన్ని వేల ఓములు ఉండేది, నూనె 110 డిగ్రీలకు చేరేసరికి రెండు మూడు వందలకు దిగుతుంది. రాగి తీగచుట్ట ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రతి డిగ్రీకి దాని నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 13 ఓములున్న సొలినాయిడ్ 100 డిగ్రీల వద్ద 17 ఓములు చూపుతుంది. పుస్తకంలో గరిష్ఠం 15 అని చదివి, వేడి గేర్‌బాక్స్ మీద 17 చూసి "చెడిపోయింది" అంటే అది అన్యాయమే. పుస్తకం 20 డిగ్రీలకు రాసినది, బెజవాడ ఎండలు మే నెలలో 40 దాటుతాయి. అంకె పక్కన వేడి ఎంతో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు.

ఇందుకు మరో వైపు కూడా ఉన్నది. ఒక ఉపాధ్యాయురాలి కారు హైదరాబాదు రోడ్డు మీద గంటసేపు నడిచిన తరువాతే మొరాయించేది. మా వద్దకు చల్లగా వచ్చేసరికి అన్ని అంకెలూ సరిగానే ఉండేవి. "బాజీ, మరొకసారి దూరం నడిపి, ఇంజను ఆపకుండా నేరుగా మా వద్దకే తీసుకురండి" అని కోరాము. ఆమె అలాగే చేశారు. వేడి మీద కొలిస్తే ఒక సొలినాయిడ్ దారి పూర్తిగా తెగి కనిపించింది, చల్లారగానే మళ్ళీ అతుక్కున్నది. తీగచుట్టలోని సన్నని పగులు వేడికి విడివడుతున్నదన్న మాట. ఒక్క సొలినాయిడ్ మార్చడంతో బాధ తీరింది. కష్టం కనిపించే సమయంలోనే కొలవకపోతే, కష్టమే లేదని తేల్చి పంపివేసే ప్రమాదం ఉన్నది.

అయితే మీటరుకూ ఒక హద్దు ఉన్నది. అది విద్యుత్తు గురించి మాత్రమే సాక్ష్యం చెప్పగలదు. తీగచుట్ట బాగున్నా, లోపలి కడ్డీ మడ్డి పట్టి కదలకపోవచ్చు. అదే వరద కాలంలో మరొక కారు వచ్చింది. అన్నదమ్ములిద్దరు కలిసి కంతుల మీద కొన్న తొలి కారు, కంతులు ఇంకా మిగిలే ఉన్నాయి. దాని సొలినాయిడ్‌లు, సెన్సర్లు అన్నీ సరైన అంకెలే చూపాయి. కాని నూనె తీసి చూస్తే ఎర్రగా, స్వచ్ఛంగా ఉండవలసినది పాలు కలిపినట్లు గులాబీ రంగులో ఉన్నది. నీరు లోపలికి చేరిందనడానికి అది గుర్తు. క్లచ్చి పలకలకు అంటించిన పొర నీటికి ఊడిపోతుంది.

"ఏదో ఒక సెన్సరు మార్చి ఇవ్వండి భాయ్, కొన్నాళ్ళు గడిస్తే చాలు" అని వారు బతిమాలారు. సెన్సరు అమ్మితే మాకు లాభమే, కారు నాలుగు వారాలు తిరిగేదే. కాని మా మీటరు ఆ సెన్సరు నిర్దోషి అని చెప్పింది. అబ్బాజాన్ వారిని కూర్చోబెట్టి టీ తెప్పించి, గేర్‌బాక్స్ విప్పక తప్పదని, అది మా పని కాదని, ఎక్కువ రోజులు నడిపితే నష్టం మరింత పెరుగుతుందని నెమ్మదిగా చెప్పారు. వారు బరువెక్కిన ముఖాలతో వెళ్ళిపోయారు. ఆ రోజు మాకు కూలీ కూడా రాలేదు. అయినా ఎదుటివాడి బండి మన చేతిలో ఉన్నంతసేపు అమానతే. శుభవార్త చెప్పగలిగినప్పుడు మాత్రమే నిజం చెప్పడం నిజాయితీ అనిపించుకోదు.

మా షెడ్డులో ఒక లావుపాటి పుస్తకం ఉన్నది. కారు, తేదీ, కోడ్, కొలిచిన చోటు, వేడి, అంకె అన్న వరుసలో ప్రతి కొలతా అందులో చేరుతుంది. పనిలో చేరిన కుర్రవాడు ఏదైనా విప్పగానే "ఇది పోయింది ఉస్తాద్" అంటే, అబ్బాజాన్ ఇప్పటికీ ఒకే మాట అంటారు: "ముందు రాయి. రాసిన తరువాత మాట్లాడు." రాయడానికి కూర్చున్నవాడు కొలవక తప్పదు. కొలిచినవాడు సగం సార్లు తన మొదటి మాటను తానే వెనక్కి తీసుకుంటాడు.

ఈ పద్ధతి ఇనుముకే పరిమితం కానవసరం లేదు. మన ఇళ్ళలోనూ కోడ్‌లు కనిపిస్తూనే ఉంటాయి. చదువులో వెనుకబడిన కొడుకు, మాట తగ్గించిన కోడలు, చీటికిమాటికి విసుక్కునే ముసలి తండ్రి. "వీడు చెడిపోయాడు", "ఆమె మారిపోయింది" అనడానికి క్షణం చాలు. కుర్రవాడికి నల్లబల్ల మీది అక్షరాలు కనిపిస్తున్నాయా, కోడలికి ఒంట్లో బాగున్నదా, తండ్రికి చెవి వినిపిస్తున్నదా అని ఒక్కొక్కటిగా చూసేవారు తక్కువ. లోపం చాలాసార్లు మనిషిలో కాదు, మనిషికీ మనకూ మధ్యనున్న తీగలో ఉంటుంది.

చివరగా, ఆటోమేటిక్ కారున్న కుటుంబాలకు కొన్ని మనవులు. వరద నీటిలో నిలిచిన కారును స్టార్టు చేయకండి, మోసుకుపోయే బండిని పిలిపించండి. హెచ్చరిక దీపం వెలిగితే, కోడ్ చెరిపివేయకముందే దానిని కాగితం మీద రాయించుకోండి. ఏ భాగం మార్చాలన్నా, "ఎంత ఉండాలి, ఎంత ఉన్నది, ఎక్కడ కొలిచారు, వేడి మీదనా చల్లగానా" అని మర్యాదగా అడగండి. తెలిసిన పనివాడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు, సంతోషిస్తాడు. నూనె రంగు మీ కళ్ళతో మీరు చూడండి. తీసివేసిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. ఇంట్లో సొంతంగా పరీక్షలు చేసే యువకులకు ఒక హెచ్చరిక: నూనె ఒత్తిడిని నియంత్రించే సొలినాయిడ్‌ల నిరోధం సుమారు 5 ఓములే ఉంటుంది. వాటికి బ్యాటరీ కరెంటును నేరుగా ఇస్తే తీగచుట్ట కాలిపోగలదు. మధ్యలో 21 వాట్ల బల్బు కట్టి ఇస్తే, కడ్డీ కదిలే చిన్న శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దం వినపడితే కడ్డీ కదులుతున్నట్టే. దానిని విన్న తరువాతే గేర్‌బాక్స్ దించాలా వద్దా అన్న మాట ఎత్తండి.